లైవ్‌లోకి వెళ్ళకముందే తేల్చుకోవలసినవి

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు న్యూస్ చానల్‌లో రిపోర్టర్‌గా చేరుతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషం వేసింది. ఆ మర్నాడే నీ మెసేజ్ వచ్చింది. "పెద్దమ్మా, విలువలూ అవీ అంటూ కూర్చుంటే ఈ ఫీల్డ్‌లో నిలబడగలనా?" అని అడిగావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. నా ఉద్యోగమంతా డెస్క్‌లోనే గడిచింది. బులెటిన్లు నడిపాను, రిపోర్టర్లతో లైవ్‌లు చేయించాను, కొన్ని లైవ్‌లు మధ్యలో ఆపించాను. నిలబడగలవు నాన్నా. అయితే ఏ పని చెయ్యకూడదో లైవ్‌లోకి వెళ్ళకముందే తేల్చుకుని ఉండాలి.

ఎందుకంటే మన పనిలో ఆలోచించుకునే టైమ్ ఉండదు. పత్రికలో రిపోర్టర్ రాసింది అచ్చుకు వెళ్ళేలోపు ఇద్దరు ముగ్గురు చదువుతారు. నువ్వు లైవ్‌లో అన్న మాట నేరుగా జనం చెవిన పడుతుంది. ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ కేకలు, పక్కన ఇంకో చానల్ వాళ్ళు అప్పటికే ఏదో చెప్పేస్తుంటారు, చుట్టూ తోపులాట. ఆ టెన్షన్‌లో మంచిచెడ్డలు బేరీజు వేసుకోవడం ఎవరివల్లా కాదు. అంతకుముందు ప్రశాంతంగా ఉన్నప్పుడు నీకు నువ్వు పెట్టుకున్న హద్దులే అప్పుడు నిన్ను ఆపుతాయి.

రాసిపెట్టిన నియమావళులు చాలానే ఉన్నాయి. అంతర్జాతీయ జర్నలిస్టుల సమాఖ్య 1954లో బోర్డో నగరంలో ఒక ప్రకటన చేసింది, 2019లో ట్యునిస్‌లో దాన్ని విస్తరించి కొత్త చార్టర్ తెచ్చింది. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు ఒక కోడ్ ఉంది, బీబీసీకి సొంత మార్గదర్శకాలున్నాయి. మీ చానల్‌కీ ఏదో ఒకటి ఉండే ఉంటుంది, చేరిన మొదటి వారంలోనే అడిగి తీసుకుని చదువు. వాటన్నిటిలోనూ "కచ్చితత్వం" అని ఒక్క మాటలో రాసేస్తారు. ఆ ఒక్క మాటే రోజూ నిన్ను నానా రకాలుగా పరీక్షిస్తుంది. అందుకే దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

2006 జనవరిలో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, సేగో అనే బొగ్గుగనిలో పేలుడు జరిగి 13 మంది లోపల చిక్కుకుపోయారు. రెండో రోజు అర్ధరాత్రి వేళ వాళ్ళలో 12 మంది బతికే ఉన్నారని కబురు పొక్కింది. దగ్గర్లోని చర్చిలో ఎదురుచూస్తున్న కుటుంబాలవాళ్ళు ఆనందం పట్టలేక బయటికి పరుగెత్తుకొచ్చారు. చానళ్ళన్నీ ఆ సంబరాన్ని లైవ్‌లో చూపించాయి. దాదాపు మూడు గంటల తర్వాత అసలు సంగతి తెలిసింది. బతికింది ఒక్కరే. గని లోపలినుంచి రక్షణ బృందం పంపిన మాటను పైనున్నవాళ్ళు తప్పుగా అర్థం చేసుకోవడంతో మొదలైంది ఇదంతా. ఆ మూడు గంటల్లో ఆ ఇళ్ళవాళ్ళ పరిస్థితి ఒక్కసారి ఊహించుకో. పోయినవాళ్ళు రెండుసార్లు పోయినట్టయింది వాళ్ళకు.

అక్కడున్న రిపోర్టర్లలో కావాలని అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. అడగాల్సిన ప్రశ్నలు గట్టిగా అడగలేదు, అంతే. మీకెవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు? కళ్ళారా చూశారా, విన్నారా? వీటికి జవాబు దొరికేదాకా నువ్వు లైవ్‌లో ఏం చెప్పాలో కూడా ముందే అలవాటు చేసుకోవచ్చు. "కుటుంబసభ్యులు ఇలా చెబుతున్నారు. అధికారులు ఎవరూ ఇంకా ధ్రువీకరించలేదు. మేం అడుగుతున్నాం." ఇలా చెబితే చూసేవాళ్ళకు నువ్వు తక్కువగా కనిపించవు. ఏది తెలుసో, ఎవరు చెప్పారో, ఏది ఇంకా తెలియదో, ఈ మూడూ విడివిడిగా చెప్పగల రిపోర్టర్‌ని ఏ డెస్క్ అయినా కళ్ళకద్దుకుంటుంది. మళ్ళీ ఫోన్ చేసి సరిచూసుకోవలసిన పని ఉండదు కదా.

మన చానళ్ళలో ఇంకో జాడ్యం ఉంది. "తెలుస్తోంది", "సమాచారం", "విశ్వసనీయ వర్గాల భోగట్టా" అని తోక తగిలిస్తే ఏదైనా చెప్పేయవచ్చనుకుంటారు. తెర మీద వేసే గ్రాఫిక్ ప్లేట్‌లో ఒకరి ఫొటో పెట్టి, పక్కన ఆరోపణ రాసి, చివర ప్రశ్నార్థకం పెడితే బాధ్యత తీరిపోయిందనుకుంటారు. చూసేవాళ్ళకు ప్రశ్నార్థకం కనబడదు, ఫొటో కనబడుతుంది. నీకు తెలియనిదాన్ని ప్రశ్నగా మార్చి వదలకు. వర్గాలు అని రాస్తే, ఆ వర్గాలు ఎవరో కనీసం మీ ఎడిటర్‌కైనా తెలిసి ఉండాలి. పేరు బయటపెట్టనని ఎవరికైనా మాటిస్తే మాత్రం ఎవరు ఒత్తిడి తెచ్చినా ఆ మాట నిలబెట్టుకో. అందుకే తొందరపడి మాటివ్వకు. ఎందుకు పేరు వద్దంటున్నారో, చెప్పేదానివల్ల వాళ్ళకేం లాభమో ముందు తెలుసుకో.

"అన్ని చానళ్ళలో వస్తోంది, మనకెందుకు లేదు?" అని నీమీద కేకలు పడే రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజుకు పనికొచ్చే ఉదాహరణ ఒకటి చెబుతాను. 2000 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నిక రాత్రి, ఫ్లోరిడాలో అల్ గోర్ గెలిచాడని పెద్ద చానళ్ళన్నీ ప్రకటించాయి, తర్వాత వెనక్కి తీసుకున్నాయి. తెల్లవారుజామున ప్రత్యర్థి బుష్ గెలిచాడన్నాయి, అదీ వెనక్కి తీసుకున్నాయి. ఇన్ని చానళ్ళు ఒకేలా ఎలా పొరబడ్డాయి? వాళ్ళందరికీ లెక్కలు పంపింది వాళ్ళే కలిసి పెట్టుకున్న ఒకే సంస్థ, వోటర్ న్యూస్ సర్వీస్. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ కూడా అందులో భాగస్వామే, మొదటి పొరపాటు అదీ చేసింది. కానీ రెండోసారి తన దగ్గరున్న ఓట్ల లెక్క వేరేగా కనిపించడంతో ఆగింది, బుష్ గెలిచాడని ఆ రాత్రి చెప్పలేదు. పది చానళ్ళు ఒకే వాట్సాప్ మెసేజ్ చూసి చెబితే అది పది ఆధారాలు కాదు. రిపోర్టర్లనుంచి వార్తలు తెప్పించే మీ ఇన్‌పుట్ ఎడిటర్ అరిచినప్పుడు ఇదే అడుగు: "వాళ్ళకు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా సార్?"

విజువల్స్ సంగతి. టీవీలో మాట కంటే బొమ్మ ముందు నమ్మిస్తుంది, కాబట్టి బొమ్మతో మరీ జాగ్రత్త. పాత వరద వీడియో కొత్త వరదగా, ఒక దేశంలో జరిగిన గొడవ ఇంకో దేశంలోదిగా తిరుగుతూనే ఉంటాయి. ఆర్మా 3 అనే వీడియో గేమ్ దృశ్యాల్ని నిజమైన యుద్ధమని కొన్ని చానళ్ళు ప్రసారం చేస్తే, ఆ గేమ్ తయారుచేసిన కంపెనీయే 2022లో ముందుకొచ్చి, నకిలీని ఎలా గుర్తుపట్టాలో వివరించాల్సి వచ్చింది. ఇప్పుడు ఏఐతో గొంతులూ మొహాలూ కూడా తయారు చేస్తున్నారు. వీడియో చేతికొస్తే మొదట ఫ్రేమ్‌లు తీసి ఇమేజ్ సెర్చ్‌లో వెతుకు. బోర్డుల మీద భాష, బండ్ల నంబరు ప్లేట్లు, నీడలు ఎటు పడుతున్నాయి, ఆ రోజు అక్కడ వాన పడిందా లేదా, ఇవన్నీ చూడు. అన్నిటికంటే ముందు, తీసిన మనిషిని పట్టుకుని మాట్లాడు. ఎవరు తీశారో తెలియని వీడియోకి ఎవరూ పూచీ ఉండరు. ఫైల్ విజువల్స్ వాడితే అవి తెర మీద ఉన్నంతసేపూ "ఫైల్" అని కనిపించాలి, మొదటి రెండు సెకన్లు చూపించి తీసేస్తే చాలదు. కల్పించి చూపిస్తే కల్పితమని రాయాలి.

కల్పించడం అంటే గుర్తొచ్చింది. 1992లో ఎన్‌బీసీ చానల్ డేట్‌లైన్ కార్యక్రమంలో, ఒక కంపెనీ ట్రక్కులు గుద్దుకుంటే మంటలంటుకుంటున్నాయని పరీక్ష చేసి చూపించారు. మంట తప్పకుండా రావాలని ట్రక్కు కింద నిప్పంటించే పరికరాలు పెట్టిన సంగతి మాత్రం ప్రేక్షకులకు చెప్పలేదు. 1993 ఫిబ్రవరిలో తెర మీదే క్షమాపణ చెప్పారు, వార్తా విభాగం అధిపతి పదవి వదులుకున్నాడు. ఆ ట్రక్కుల భద్రత గురించి నిజంగానే ప్రశ్నలున్నాయి. కానీ ఆ రోజు తర్వాత జనం మాట్లాడుకున్నది ట్రక్కుల గురించి కాదు, చానల్ చేసిన మోసం గురించి. మన దగ్గర ఇది చిన్న రూపాల్లో జరుగుతుంది. "ఇంకోసారి ఏడవమ్మా, కెమెరా ఆన్ కాలేదు" అనడం, ధర్నా అయిపోయాక మళ్ళీ నినాదాలిప్పించడం, బైట్‌లో, అంటే కెమెరా ముందు చెప్పిన మాటల ముక్కలో, "కానీ" తర్వాతి సగం కోసేసి మనిషి మాటను తలకిందులు చెయ్యడం. వీటిలో ఏదీ చిన్నది కాదని నా గట్టి అభిప్రాయం.

ఇక లైవ్. ప్రాణాలతో ముడిపడినది ఇదే, అందుకే జాగ్రత్తగా చదువు.

1988 ఆగస్టులో పశ్చిమ జర్మనీలోని గ్లాడ్‌బెక్‌లో ఇద్దరు దొంగలు బ్యాంకు దోచి, బందీల్ని పట్టుకుని ఊళ్ళు తిరిగారు. కొలోన్ నగరం నడిబొడ్డున రిపోర్టర్లు వాళ్ళ కారు చుట్టూ మూగారు. మెడ మీద తుపాకీ ఉన్న అమ్మాయిని ప్రశ్నలడిగారు, దొంగల ఇంటర్వ్యూలు తీసుకున్నారు. ఒక జర్నలిస్టయితే దారి చూపించడానికి ఆ కారులోనే ఎక్కాడు. చివరికి ఇద్దరు యువ బందీలు చనిపోయారు, వెంటాడుతున్న ఒక పోలీసు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ తర్వాతే, నేరం జరుగుతుండగా నేరస్తుల్ని ఇంటర్వ్యూ చెయ్యకూడదని జర్మన్ ప్రెస్ కౌన్సిల్ నియమం పెట్టింది.

2010 ఆగస్టు 23న మనీలాలో, ఉద్యోగం పోయిన పోలీసు అధికారి ఒకడు హాంకాంగ్ పర్యాటకుల బస్సును పట్టుకున్నాడు. ఆ బస్సులో టీవీ ఉంది. బయట ఏం జరుగుతోందో చానళ్ళు చూపిస్తుంటే అతను లోపల కూర్చుని చూశాడు. తన తమ్ముణ్ణో అన్ననో పోలీసులు లాక్కెళ్ళడం చూసి రెచ్చిపోయాడు. ఎనిమిదిమంది పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు. 2008 నవంబరులో ముంబయి దాడులప్పుడు కమాండోల కదలికల్ని చానళ్ళు చూపించాయి, దాడి చేస్తున్నవాళ్ళకు ఫోన్‌లో ఆదేశాలిస్తున్నవాళ్ళు ఆ టీవీ చూస్తూనే ఆదేశాలిచ్చారు. 2012లో సుప్రీంకోర్టు ఆ కేసు తీర్పులో చానళ్ళ తీరును కఠినంగా తప్పుబట్టింది.

కాబట్టి ఇప్పుడే మనసులో రాసుకో. బందీల సంఘటన జరుగుతుంటే పోలీసులు ఎటునుంచి వెళ్తున్నారో చూపించను, చెప్పను. లోపలున్నవాళ్ళకు ఫోన్ చెయ్యను. దాక్కున్నవాళ్ళు ఏ గదిలో ఉన్నారో తెలిసినా నోరు విప్పను. వెంటాడే దృశ్యాలు, దూకుతానని బెదిరిస్తున్న మనుషులు, వీటిని లైవ్‌లో పెట్టమని మీ పీసీఆర్ (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్) అడిగితే కెమెరాను వెడల్పు షాట్‌లో ఉంచమను, అవసరమైతే ఆపడానికి వీలుగా ప్రసారంలో కొన్ని సెకన్ల డిలే (ఆలస్యం) ఉందో లేదో కనుక్కో. డిలే ఉన్నా ధీమా పనికిరాదు. 2012 సెప్టెంబరులో ఫాక్స్ న్యూస్‌లో కారును తరుముతున్న దృశ్యాలు వస్తుండగా అందులోని మనిషి తనను తాను కాల్చుకున్నాడు. డిలే పెట్టుకుని కూడా సకాలంలో ఆపలేకపోయారు, అది ప్రసారమైపోయింది. యాంకర్ అప్పటికప్పుడే క్షమాపణ చెప్పాడు.

ముందే తేల్చుకోవడం అన్నానే, దానికి చక్కని ఉదాహరణ న్యూజిలాండ్. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో హత్యాకాండ జరిగింది, హంతకుడు దాన్ని ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చాడు. విచారణ ఇంకా మొదలుకాకముందే ఆ దేశంలోని ఐదు పెద్ద వార్తాసంస్థలు కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. అతని ద్వేషప్రచారానికి కోర్టు గది వేదిక కాకుండా ఏం చూపించాలి, ఏం చూపించకూడదు అని. ఒకరితో ఒకరు పోటీపడే సంస్థలే. అయినా కలిసి గీత గీసుకున్నాయి.

ఇప్పుడు ఏడుస్తున్నవాళ్ళ దగ్గరికి మైకు పట్టుకెళ్ళే సంగతి. ఒకసారి ప్రమాదంలో చనిపోయిన ఒక కుర్రాడి ఇంటి నంబరు దొరికిందని మా డెస్క్‌లో ఫోనో, అంటే ఫోన్‌లోనే లైవ్ సంభాషణ, కలుపుతున్నారు. వాళ్ళింట్లో ఇంకా తెలియదేమోనని నాకు అనుమానం వచ్చి లైన్ కలపొద్దన్నాను. నిజంగానే తెలియదు. ఇంకో నిమిషం అయితే ఆ తల్లికి కొడుకు చావు కబురు మా యాంకర్ నోట, ఊరంతా వింటుండగా తెలిసేది. కుటుంబానికి కబురు చేరిందని రూఢి అయ్యేదాకా పేరు చెప్పకు, మొహం చూపించకు. తెలిసిన తర్వాత కూడా, "మీకెలా అనిపిస్తోంది?" అని అడగకు. ఎలా అనిపిస్తుంది? ముందు కెమెరా పక్కన పెట్టి, నువ్వెవరో చెప్పి, మాట్లాడతారా అని అడుగు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయ్. మాట్లాడతానంటే "మీ అబ్బాయి గురించి చెప్పండి" అను. మనిషి తన బిడ్డ గురించి చెప్పుకునే అవకాశం ఇస్తే అది వాళ్ళకీ ఓదార్పు, నీకూ మంచి బైట్. శవాల దగ్గరి షాట్లు, రక్తం, చెదిరిన మొహాలు డెస్క్‌కి పంపేముందు నీ దగ్గరే ఆగిపోవాలి. బ్లర్ చేస్తారులే అని పంపితే, హడావిడిలో బ్లర్ చెయ్యకుండా వెళ్ళిపోవడం నేను చాలాసార్లు చూశాను.

పిల్లలతో బైట్ తీసుకోవాల్సి వస్తే తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలనుకోకు. ఆ పిల్లో పిల్లవాడో పెద్దయ్యాక ఆ వీడియో యూట్యూబ్‌లో ఉండటం వాళ్ళకు మంచిదేనా అని కూడా చూడు.

లైంగిక హింసకు గురైనవాళ్ళ పేరు చెప్పకూడదని అందరికీ తెలుసు. కానీ ఒక చానల్ వీధి పేరు చెబుతుంది, ఇంకోటి తండ్రి చేసే పని చెబుతుంది, మూడోది స్కూలు గేటు చూపిస్తుంది. ఎవరూ పేరు చెప్పలేదు, ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. నీ స్టోరీ ఒక్కటే కాదు, మిగతావాళ్ళు ఇప్పటికే ఏం చెప్పేశారో కూడా చూసుకుని, అన్నీ కలిపితే మనిషి దొరికిపోతుందా అని ఆలోచించు. అలాగే బాధితురాలి మొహం బ్లర్ చేసి తల్లి మొహం చూపిస్తే ఏం లాభం?

ఆత్మహత్య వార్తల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియా కోసం రాసిన సూచనలున్నాయి, ప్రింట్ తీసి డెస్క్ మీద పెట్టుకో. ఎలా చేసుకున్నారో వివరించకూడదు, చోటు చూపించకూడదు, చివరి ఉత్తరం చదవకూడదు, ఒకే కారణం అంటగట్టకూడదు, సాయం దొరికే హెల్ప్‌లైన్ వివరాలు ఇవ్వాలి. ఇవి వట్టి మర్యాద కోసం పెట్టినవి కావు. వియన్నాలో 1980ల్లో మెట్రో రైళ్ళ కింద పడి చనిపోయేవాళ్ళు పెరిగితే, 1987లో మీడియాకు ఇలాంటి సూచనలే ఇచ్చారు. పత్రికలు రాసే తీరు మార్చుకున్నాక ఆ మరణాలు బాగా తగ్గాయి. మనం వార్త చెప్పే పద్ధతివల్ల మనుషులు బతుకుతారనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

నేరం మోపబడినవాళ్ళ విషయంలో ఒక్క మాట. అనుమానితుడు వేరు, నిందితుడు వేరు, దోషి వేరు. స్క్రోల్‌లో చోటు లేదని ఈ మూడూ కలిపేయకు. 2014లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఇంట్లో పోలీసులు సోదా చేస్తుంటే బీబీసీ హెలికాప్టర్‌తో చూపించింది. ఆయన్ని అరెస్టూ చెయ్యలేదు, కేసూ పెట్టలేదు. 2018లో కోర్టు ఆయన వ్యక్తిగత గోప్యతకు భంగం కలిగిందని 2,10,000 పౌండ్ల నష్టపరిహారం చెల్లించమంది. ఆరోపణ వచ్చిన రోజు అరగంట చూపించి, కేసు కొట్టేసిన రోజు ఒక్క లైను స్క్రోల్ ఇవ్వడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. నువ్వు చేసిన ప్రతి ఆరోపణ స్టోరీ చివరికి ఏమైందో ఒక డైరీలో రాసుకుంటూ ఉండు, ముగింపు కూడా నువ్వే అడిగి వేయించు. ఆరోపణ ఎదుర్కొంటున్నవాళ్ళకు ఫోన్ చెయ్యడం అంటే ప్రసారానికి ఐదు నిమిషాల ముందు ఒక మిస్డ్ కాల్ ఇచ్చి "స్పందించలేదు" అని రాయడం కాదు. ఆరోపణ ఏమిటో పూర్తిగా చెప్పి, జవాబివ్వడానికి సరిపడా టైమ్ ఇవ్వాలి.

అలాగని ఇరుపక్షాల్నీ కూర్చోబెట్టినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదు. తేలిపోయిన శాస్త్రీయ విషయం మీద నిపుణుణ్ణీ, ఏమీ తెలియని వాదననూ సమానంగా కూర్చోబెడితే ప్రేక్షకుడికి తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. వాతావరణ మార్పు లాంటి విషయాల్లో బీబీసీ అలా లేని సమతూకం చూపిస్తోందని 2011లో, అప్పట్లో ఆ సంస్థను పర్యవేక్షించిన ట్రస్టు చేయించిన సమీక్షే చెప్పింది. ప్యానెల్ చర్చల గురించి ఇంకా రాయగలను, కానీ నువ్వు ఇప్పుడప్పుడే యాంకర్ కుర్చీలో కూర్చోవు కదా.

ఇంటర్వ్యూ సంపాదించడానికి అబద్ధం ఆడొద్దు. 1995లో బీబీసీ పనోరమా కార్యక్రమంలో వచ్చిన బ్రిటన్ యువరాణి డయానా ఇంటర్వ్యూ ప్రపంచమంతా చూసింది. దాన్ని సంపాదించడానికి రిపోర్టర్ మార్టిన్ బషీర్ నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్లు తయారు చేయించాడని 2021లో మాజీ జడ్జి లార్డ్ డైసన్ విచారణ తేల్చింది. పాతికేళ్ళ తర్వాత కూడా బయటపడింది చూడు. రహస్య కెమెరా వాడాలంటే ప్రజలకు నిజంగా తెలియాల్సిన విషయమై ఉండాలి, వేరే దారి లేకపోవాలి, ఎడిటర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మూడూ ఉంటేనే.

డబ్బు సంగతి. ప్రెస్‌మీట్ల దగ్గర కవర్లు, గిఫ్టులు, హోటల్ గదులు, పండగ పేరుతో బహుమతులు వస్తాయి. చిన్నదైనా తీసుకోకు. తీసుకున్నాక వాళ్ళ గురించి వచ్చే ప్రతి వార్తలోనూ నీ చెయ్యి వణుకుతుంది. ప్రకటనను వార్త రూపంలో ఇమ్మని మార్కెటింగ్ వాళ్ళు అడిగితే అది ప్రకటన అని తెర మీద రాయాల్సిందేనని చెప్పు. నీ బీట్‌లో, అంటే నువ్వు కవర్ చేసే రంగంలో, ఉన్న నాయకులతో చనువు అవసరమే. అయితే చనువు నీకు సమాచారం తేవాలి, వాళ్ళకు నీ మౌనం కొనిపెట్టకూడదు. సోషల్ మీడియాలో పార్టీల మీద నీ ఇష్టాయిష్టాలు రాయకు. రేపు నువ్వు మైకు పట్టుకుని వెళ్ళినప్పుడు ఎదుటివాళ్ళు ముందు నీ పాత పోస్టులు చూస్తారు. నీ సాహసాల గురించి గొప్పలు కలపకు. ఇరాక్ యుద్ధంలో తానెక్కిన హెలికాప్టర్ మీద కాల్పులు జరిగాయని లేనిది కలిపి చెప్పినందుకు బ్రయాన్ విలియమ్స్ అంతటి యాంకర్‌ని 2015లో ఎన్‌బీసీ ఆరు నెలలు పక్కన పెట్టింది.

ఇంతా చదివి నువ్వు అనుకునేది నాకు తెలుసు. పైవాళ్ళు చెయ్యమంటే ఏం చెయ్యాలి అని. టీఆర్పీ అనే ఒత్తిడి నిజం, ఉద్యోగ భయం నిజం. నేను చూసినంతవరకు "నేను చెయ్యను" అని ఎదురుతిరిగిన కుర్రవాళ్ళు ఓడిపోయారు. "ఇలా కాకుండా ఇలా చేద్దాం సార్" అని చేతిలో ఇంకో దారి పెట్టుకుని వెళ్ళినవాళ్ళు చాలాసార్లు గెలిచారు. "పేరు కన్ఫర్మ్ కాలేదు, పేరు లేకుండా ఇద్దాం, పది నిమిషాల్లో డాక్టర్‌తో బైట్ పంపిస్తాను." "తల్లి వద్దంది, పక్కింటాయన మాట్లాడతానన్నాడు." డెస్క్‌కి కావాల్సింది బులెటిన్ టైమ్ నిండటం. దాన్ని నింపే మంచి సరుకు నువ్వివ్వగలిగితే చెడ్డదాన్ని అడగడం మానేస్తారు. అందుకే కష్టపడి పని చేసే రిపోర్టర్‌కే విలువలు పాటించడం తేలిక. వాడి చేతిలో ఎప్పుడూ ఇంకోటి ఉంటుంది.

అయినా వినకపోతే నీ అభ్యంతరాన్ని గ్రూపులో మెసేజ్‌గా పెట్టు, మర్యాదగా, ఒక్క లైనులో. "ఈ సమాచారం నేను ధ్రువీకరించలేదు" అని. రాత ఉన్నచోట చాలామంది రెండోసారి ఆలోచిస్తారు. అబద్ధమని తెలిసినదాన్ని నీ నోటితో చెప్పమంటే మాత్రం చెప్పకు. అక్కడ ఇంకో దారి వెతకాల్సిన పని లేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందాం, నేనున్నాను.

చివరిగా, తప్పు జరిగిపోతే. జరుగుతుంది, ఎంత జాగ్రత్తపడ్డా. ఎవరూ చూడలేదులే అని స్క్రోల్ మాయం చేసి ఊరుకోవడం మన దగ్గర రివాజు. ఆఫ్‌కామ్ నియమం ప్రకారమైతే ముఖ్యమైన తప్పును వెంటనే ప్రసారంలోనే ఒప్పుకుని సరిదిద్దాలి. నువ్వూ అదే పట్టుబట్టు. తప్పు ఏ బులెటిన్‌లో వెళ్ళిందో ఆ బులెటిన్‌లోనే, "ఇందాక ఫలానా అని చెప్పాం, అది తప్పు, అసలు సంగతి ఇది" అని చెప్పాలి. సవరణలో పాత తప్పును పదేపదే వినిపించకూడదు. యూట్యూబ్‌లో వీడియో, దాని థంబ్‌నెయిల్, వెబ్‌సైట్‌లో వార్త, అందరూ ఫార్వర్డ్ చేసుకున్న క్లిప్, వీటన్నిటినీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని సరిచెయ్యాలి. ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఎవరూ ఉండరు కాబట్టి నీ స్టోరీకి నువ్వే ఉండు. నష్టపోయిన మనిషికి నువ్వే ఫోన్ చెయ్యి, లాయర్ నోటీసు వచ్చేదాకా ఆగకు.

చేరిన తర్వాత మొదటి రెండు మూడు నెలలు నీ స్టోరీల లింకులు నాకు పంపు. ఏ రాత్రి అయినా సందేహం వస్తే ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను. కాకపోతే ముందు డెస్క్‌లో "కాస్త ఆగండి, చూసి చెబుతాను" అని చెప్పి, ఆ తర్వాత నాకు చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ